నడుపువాడొకడు, బండ్లు మూడు

గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేయబడిన ప్రసంగము



ఒక గ్రామ గ్రంథాలయము 25 సంవత్సరములు నిలిచినదనగా అది ఏ ఒక్క ధనవంతుని దానమువలన మాత్రమే నిలిచినది కాదు. నెలనెలకును చిన్న చందా లిచ్చిన పలువురి చేతులవలన నిలిచినది. ఒక్కడు కొనలేని వేయి పుస్తకములను పదిమంది కలిసి కొనగలరు, పదిమందియు చదువగలరు. బీమా యనునదియు ఇట్టి ఉమ్మడి ధర్మమే. ఊరివారందరు తలకొక మానిక ధాన్యము గాదెలో పోసినయెడల, ఇల్లు కాలినవానికి ఆ యేటి గ్రాసము దొరకును. కాలనివాడు తన మానిక వృథాయైనదని వగవడు. తన యిల్లు నిలిచినందులకు సంతసించును.

అట్లయ్యు బీమా పేరు చెప్పగనే గ్రామములలో రెండు విధములైన పొరపాటులు కనబడుచున్నవి. ఒక్కమారు చెల్లింపవలసినదానిని మూడుమారులు చెల్లించువారు కొందరు. మూడుమారులు చెల్లింపవలసినదానిని ఒక్కమారు చెల్లించి ఊరకుండువారు మరికొందరు. మొదటివారికి డబ్బు నష్టము. రెండవవారికి ఇల్లు, పొలము, ఒక్కొక్కప్పుడు పిల్లల చదువు నష్టము. ఈ భేదమును విప్పి చెప్పుటయే నేటి ప్రసంగ విషయము.

పూర్వము ఊరికి ఒక్క మోటారు సైకిలు వచ్చిన పిల్లలందరు దాని వెంట పరుగిడెడివారు. నేడు ఒక్క యింటనే రెండు మూడు బండ్లు కలవు. అవియు తరచుగా ఒక్కని పేరనే యుండును. ఉదాహరణమునకు ఒక గృహస్థుని తలచుకొనుడు. ఇది జరిగిన కథ కాదు. విషయము తేటపడుటకై చెప్పబడుచున్నది. అతని పల్లె హైదరాబాదునకు చేరువనున్నది. కొలువు ఆబిడ్సులోని ఒక అంగడిలో లెక్కలు వ్రాయుట. అతనికి మూడు బండ్లు. మొదటిది 100 సి.సి. బండి, పొలమునకు, పాలకేంద్రమునకు తిరుగును. రెండవది 125 సి.సి. బండి, దినదినము ఆబిడ్సునకు పోయి పగలెల్ల ఒక సందులో నిలిచియుండును. మూడవది తండ్రి విడిచిపోయిన 350 తరగతి బుల్లెట్టు. నాంపల్లిలో తమ్ముని యింటి క్రింది అంతస్తున నుండి పండుగనాడు మాత్రము వెలికి వచ్చును.

ఆబిడ్సు, నాంపల్లి అనునవి మన పల్లెలవారికి క్రొత్తవి కావు. ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాను కొలువులోనుండిన ఆల్బర్ట్ ఆబిడ్ నడిపిన అంగడి పేర మొదటిది వెలసినది. 1907లో కట్టబడిన రైలు స్టేషనుతో రెండవది నగరమునకు ఒక వాకిలి యైనది. అంగళ్ళు, కచేరీలు, నుమాయిషు మైదానము అన్నియు అచ్చటనే యుండుటచేత ఆ వీధులలో కదలు బండ్లెన్నియో, నిలిచియుండు బండ్లును అన్నియే. ఈ గృహస్థు ఆబిడ్సులోని బీమా కార్యాలయపు మెట్లెక్కునపుడు అతని మనస్సున నుండు ప్రశ్న యిది: “నడుపువాడ నొక్కడనే, ఒక్కసారి రెండు బండ్లెక్కలేను. మూడు బీమాలెందులకు?”

ఈ ప్రశ్న న్యాయమైనది. దీనికి సమాధానము గ్రంథాలయములోనే దొరకును. ఇచ్చట ప్రతి పుస్తకమునకును ఒక్కొక్క సంఖ్య కలదు. చందాదారునకు సంఖ్య ఒక్కటే. పుస్తకము పోయిన ఆ పుస్తకపు వెల కట్టవలెను. పది పుస్తకములు చదివినను చందా ఒక్కటియే. మోటారు చట్టమును ఇట్లే నడచుచున్నది. రిజిస్ట్రేషను పత్రము బండికొక్కటి. డ్రైవింగు లైసెన్సు మనిషికొక్కటి. బీమాలోను బండిననుసరించునది బండిబండికిని ఉండవలెను. మనిషిననుసరించునది ఒక్కమారుండిన చాలును. ఏది బండిననుసరించునో, ఏది మనిషిననుసరించునో తెలిసికొన్నవాడు మోసపోడు.

మొదటిది మూడవ పక్షపు బీమా. వాడుకలో థర్డ్ పార్టీ. బండి తగిలి దారిన పోవు పరులు గాయపడినను, మరణించినను వారికి నష్టపరిహారమిచ్చునది యిదియే. బ్రిటనులో 1930 నాటి చట్టము దీనిని నిర్బంధము చేసినది. మన దేశమున 1939 నాటి మోటారు వాహనముల చట్టమున చేర్చబడి 1946 జూలై 1 నుండి అమలులోనికి వచ్చినది. తరువాతి 1988 చట్టములోని 146వ సెక్షను ప్రకారము ఈ బీమా లేని వాహనమును బహిరంగ స్థలమున వాడరాదు. వాడినయెడల 2019 సవరణ ననుసరించి మొదటి తప్పునకు 2,000 రూపాయల జరిమానా గాని, 3 నెలల వరకు ఖైదు గాని, రెండును గాని విధింపవచ్చును. రెండవ తప్పునకు జరిమానా 4,000 రూపాయలు.

ఇది బండిననుసరించును. ఏలననగా దెబ్బ తగిలినవాడు నడిపినవానిని ఎరుగడు; బండిని ఎరుగును. బండి యజమానియే నడుపవలెనని లేదు. తమ్ముడు నడుపవచ్చును, కొడుకు నడుపవచ్చును. కావున మూడు బండ్లకును మూడు ఉండితీరవలెను. 2022 జూన్ 1 నుండి అమలులోనికి వచ్చిన పట్టిక ప్రకారము ఏడాదికి 75 సి.సి. మించని బండికి 538 రూపాయలు, అంతకు మించి 150 వరకు 714 రూపాయలు, 150 మించి 350 వరకు 1,366 రూపాయలు, 350 మించినదానికి 2,804 రూపాయలు. పన్ను దీనికి అదనము. ఆ లెక్కను మన గృహస్థుని మూడు బండ్లకు 714, 714, 1,366 కలిపి 2,794 రూపాయలగును. ఈ ప్రీమియమును ప్రభుత్వమే నిర్ణయించును గనుక దీనియందు బేరము లేదు. కంపెనీ మారినను ఇది మారదు.

“బుల్లెట్టు ఏడాదికి నాలుగు మారులే వీధికెక్కును గదా, దానికేల?” అని కొందరందురు. నాలుగు మారులలో ఒక్కమారు చాలును. గాయపడినవానికిగాని మృతుని కుటుంబమునకుగాని ట్రిబ్యునలు నిర్ణయించు పరిహారమునకు చట్టమున గరిష్ఠ పరిమితి లేదు. పాలసీ యున్నచో ఆ భారము కంపెనీ వహించును. పాలసీ లేనిచో యజమాని ఆస్తిపై పడును. 1,366 రూపాయలు మిగిల్చితినని మురిసినవాడు రెండెకరముల మడి నమ్ముకొనవలసి రావచ్చును. నిలిచియున్న బండికి భయము లేదనుటయు సరికాదు. మహారాష్ట్రలో ఒక పెట్రోలు ట్యాంకరు లారీ ఢీకొని రహదారి ప్రక్కన బోర్లపడినది. కొన్ని గంటల తరువాత కారిన పెట్రోలు అంటుకొని పలువురు మరణించిరి. అప్పటికి ఆ వాహనము కదలుట లేదు. అయినను అది వాహనపు వాడుకవలన కలిగిన ప్రమాదమేయని సుప్రీంకోర్టు 1991లో తీర్పు చెప్పినది. కావున వీధిలో నిలిపిన బండికిని పాలసీ యుండవలెను.

ఇచ్చట స్త్రీజనము గమనింపవలసిన సంగతి యొకటి కలదు. కేవలము చట్టరీత్యా తీసికొన్న థర్డ్ పార్టీ పాలసీ మోటారు సైకిలు వెనుక కూర్చుండువారికి రక్షణ యీయదని సుప్రీంకోర్టు 2006లో చెప్పియున్నది. సంతకు, ఆసుపత్రికి, పుట్టింటికి వెనుక కూర్చుండి పోవు ఇల్లాలికి రక్షణ కావలెనన్న సమగ్ర పాలసీ గాని, వెనుక కూర్చుండువారి నిమిత్తము విడిగా చేర్చు ప్రమాద బీమా గాని ఉండవలెను. ఏ బండిపై కుటుంబము తిరుగునో ఆ బండికైనను దీనిని మరువరాదు.

రెండవది స్వంత నష్టపు బీమా. బండి విరిగినను, దొంగల పాలైనను, కాలినను, వరదలో మునిగినను యజమానికి వచ్చునది యిది. దీనిని చట్టము నిర్బంధింపదు. ఇదియు బండిననుసరించునదే, బండి విలువనుబట్టి ప్రీమియము. విలువ ఏటేట తగ్గును: పాలసీ నిబంధనల ప్రకారము ఏడాది నిండుసరికి 15 శాతము, రెండేండ్లకు 20, మూడేండ్లకు 30, నాలుగేండ్లకు 40, ఐదేండ్లకు 50 శాతము తరుగు లెక్కింపబడును. అటుపిమ్మట ఉభయులు ఒప్పుకొన్న విలువ. కావున మూడు బండ్లున్నవాడు మూడింటికిని ఈ బీమా చేయవలెనన్న నియమము లేదు. పొలమునకు తిరుగు పాత బండి విలువ కొలది వేలయినచో దానిని వదలివేయుట తెలివితక్కువ కాదు. దినదినము నగరమునకు పోవు బండికి వదలుట తెలివి కాదు.

ఇంటనుండు బుల్లెట్టు మాటయేమి? నడువని బండి ఢీకొనదు, నిజమే. కాని కాలును. 2023 నవంబరు 13న నాంపల్లి బజార్‌ఘాట్‌లో ఒక నివాస భవనపు క్రింది అంతస్తున రేగిన మంటలు పై అంతస్తుల కుటుంబములలో పలువురిని బలిగొన్నవి. క్రింద నిలిపియుంచిన వాహనములును దగ్ధమైనవి. ప్రాణముల ముందర బండి ఏపాటిది? అయినను అట్టి వాహనముల యజమానులు వానిని నడుపుచు లేరు గదా! 2020 అక్టోబరు వరదలలోను హైదరాబాదు వీధులలో నిలిపియున్న బండ్లే కొట్టుకొనిపోయినవి. విలువైన బండి ఇంట నుండినను అగ్ని, చౌర్యము, వరద అను మూడు భయములు దానిని విడువవు. వీనికి సరిపడు పాలసీ యేదియని అడిగి తీసికొనవలెను.

ఈ స్వంత నష్టపు బీమాలో పలు బండ్లున్నవానికి రెండు సౌకర్యములు కలవు. ఒకటి బోనసు. ఏడాది నష్టపరిహారము కోరనివానికి మరుసటి ప్రీమియములో 20 శాతము తగ్గింపు. వరుసగా 25, 35, 45, 50 శాతముల వరకు పెరుగును. ఈ బోనసు బండిది కాదు, యజమానిది. బండి నమ్మినపుడు అది కొన్నవానికి పోదు. కంపెనీనుండి ఉత్తరము తీసికొని మూడేండ్లలోపల తాను కొను క్రొత్త బండికి వాడుకొనవచ్చును. కాని ఒక్క బోనసును రెండు బండ్లకు పంచరాదు. ఏ బండి లెక్క దానిదే. పాలసీ గడువు తీరిన 90 దినములలోపల తిరిగి చెల్లింపనిచో కూడబెట్టిన బోనసంతయు పోవును.

రెండవ సౌకర్యము క్రొత్తది. బీమా నియంత్రణ ప్రాధికార సంస్థ హైదరాబాదులోనే యున్నది. పూర్వము ఆబిడ్సునకు చేరువనున్న బషీర్‌బాగ్ పరిశ్రమ భవనమున నుండి, పిదప నానక్‌రామ్‌గూడ ప్రాంతమునకు మారినది. ఒక్క యజమానికి చెందిన పలు వాహనములకు స్వంత నష్టపు బీమాను ఉమ్మడిగా, ఫ్లోటరు పద్ధతిని ఇచ్చుటకు ఆ సంస్థ 2022 జూలైలో కంపెనీలకు అనుమతి నొసగినది. బ్రిటను మున్నగు దేశములలో పలు మోటారు సైకిళ్ళను ఒక్క పాలసీలో చేర్చు ఆచారము పూర్వమునుండియు కలదు. అన్ని కంపెనీలు దీనిని అమ్మవలెనని లేదు. ధరలను పోల్చి చూచి, విడివిడిగా తీసికొనుటకన్న లాభమైనచోనే తీసికొనవలెను.

మూడవదియే మన గృహస్థుని ప్రశ్నకు అసలైన సమాధానము: యజమాని ప్రమాద బీమా. బండి నడుపుచు యజమానియే మరణించినను, వికలాంగుడైనను అతని కుటుంబమునకు వచ్చునది యిది. పూర్వము మోటారు సైకిలు యజమానికి దీని మొత్తము 1 లక్ష రూపాయలు మాత్రమే. ఈ కాలమున లక్ష రూపాయలు ఒక కుటుంబమునకు ఎన్ని నెలల గ్రాసము? 2017లో మద్రాసు హైకోర్టు దీనిని 15 లక్షలకు పెంచవలెనని సూచించినది. 2018 సెప్టెంబరులో నియంత్రణ సంస్థ ఆ మొత్తమును 15 లక్షలు చేసి, ఏడాది ప్రీమియమును 750 రూపాయలుగా నిర్ణయించినది.

అప్పుడొక చిక్కు కలిగినది. ప్రతి బండి పాలసీతోను ఈ బీమా కట్టియుండుటచేత మూడు బండ్లున్నవాడు 2,250 రూపాయలు చెల్లింపవలసివచ్చెను. శరీరమొక్కటియే గదా! ఈ న్యాయమును గుర్తించి ఆ సంస్థ 2019 జనవరి 1 నుండి దీనిని బండినుండి విడదీసినది. నాటినుండి యజమాని దీనిని విడి పాలసీగా ఒక్కమారు తీసికొనవచ్చును. అది అతని పేరనున్న ఏ బండి నడుపునపుడైనను వర్తించును. మరణమునకును శాశ్వత వైకల్యమునకును 15 లక్షలకు తక్కువ కాని వేరొక ప్రమాద బీమా ఇదివరకే యున్నవానికి ఇదియు అక్కరలేదు. 750 చొప్పున లెక్కించిన మన గృహస్థునకు ఏటేట 1,500 రూపాయలు మిగులును.

కాని అడుగనిదే ఇది మిగులదు. కార్యాలయమున పాత అలవాటు చొప్పున మూడు పాలసీలలోను దీనిని చేర్చవచ్చును. “అయ్యా, యజమాని ప్రమాద బీమా నాకు విడిగా ఉన్నది, ఈ బండికి మళ్ళీ వద్దు” అని చెప్పి, దాని సంఖ్యను చూపవలెను. అట్లు కాక ఒక బండి పాలసీతో కలిపి తీసికొన్నచో, వేరు బండి నడుపునపుడును అది వర్తించునా యని పత్రము చదివి తెలిసికొనవలెను. వర్తింపదని యున్నచో విడి పాలసీయే మేలు.

ఈ 15 లక్షలకు మూడు నియమములు కలవు. నడుపువాడు ఆ బండికి రిజిస్టరు కాబడిన యజమానియై యుండవలెను. పాలసీ అతని పేర ఉండవలెను. అతనికి చెల్లుబాటగు లైసెన్సు ఉండవలెను. మద్యము సేవించి నడిపినచో రాదు. రెండు కాళ్ళుగాని, రెండు చేతులుగాని, రెండు కన్నులుగాని పోయిన మొత్తము వచ్చును. ఒక్కటి పోయిన సగము.

ఇప్పుడు మన గృహస్థుని బుల్లెట్టు సంగతి చూడుడు. అది తండ్రి విడిచిపోయినది. రిజిస్ట్రేషను పత్రమున నేటికిని తండ్రి పేరే యున్నచో కుమారుడు చట్టము దృష్టిలో యజమాని కాడు. ఆ బండిపై అతనికి ప్రమాదము సంభవించిన యజమాని బీమా వర్తింపదు. ఇంటనున్న భార్యాబిడ్డలకు చేరవలసిన 15 లక్షలు ఒక్క పేరు మార్పించని కారణమున చేరకపోవచ్చును. యజమాని మరణించినయెడల 30 దినములలోపల రవాణాశాఖవారికి తెలిపి, 3 నెలలలోపల వారసుని పేర మార్పించుకొనవలెను. బీమా పాలసీయు యజమాని మరణానంతరము 3 నెలలు గాని, గడువు తీరువరకు గాని, ఏది ముందైన అంతవరకే నిలుచును. తండ్రిపైని భక్తిచేత ఆయన పేరును పత్రముపై నిలుపుకొనువారు కలరు. ఆయన పేరు నిలుపవలసినది ఇంటిలోను ఊరిలోను గాని ఆ పత్రముపై కాదు. పాత బండి కొన్నవారును 14 దినములలోపల కంపెనీకి దరఖాస్తు పెట్టి పాలసీని తమ పేర మార్పించుకొనవలెను.

పలు బండ్లున్నవానికి పలువురు బంధువులుందురు. “బావా, రెండు గంటలలో తెచ్చి యిస్తాను, తాళం ఇవ్వు” అన్నవానికి లేదనుట గ్రామ మర్యాద కాదు. కాని లైసెన్సు లేనివానికిచ్చిన ఫలితము యజమానిదే. 2019 సవరణ ప్రకారము దానికి 5,000 రూపాయల జరిమానా కలదు. పదునెనిమిదేండ్లు నిండని పిల్లవాడు నడిపి నేరము చేసినచో తల్లిదండ్రులకో యజమానికో 25,000 రూపాయల జరిమానాయును, 3 సంవత్సరముల వరకు ఖైదును కలవు. బాధితునకు కంపెనీ ముందుగా చెల్లించి, పిదప యజమానినుండి రాబట్టుకొను పద్ధతిని సుప్రీంకోర్టు 2004లో అంగీకరించినది. కావున తాళమిచ్చుటకు ముందు లైసెన్సు చూపుమనుట అవమానము కాదు. అది ఉభయుల క్షేమము.

మూడు బండ్లున్నవాడు ఒక చిన్న నోటు పుస్తకము పెట్టుకొనవలెను. ఒక్కొక్క బండికి ఒక్కొక్క పుట. అందు పత్రముపైనున్న పేరు, థర్డ్ పార్టీ గడువు, స్వంత నష్టపు గడువు, బోనసు శాతము వ్రాసికొనవలెను. 2018 సెప్టెంబరు 1 తరువాత కొన్న క్రొత్త మోటారు సైకిలునకు సుప్రీంకోర్టు ఆదేశానుసారము థర్డ్ పార్టీ ఒక్కసారిగా 5 సంవత్సరములకు తీసికొనబడుచున్నది. స్వంత నష్టపు బీమా తరచుగా ఒక్క ఏడాదిదే. ఐదేండ్లవరకు భయము లేదనుకొని రెండవ ఏట దొంగతనము జరిగిన పిదప తల పట్టుకొన్న ప్రయోజనము లేదు. చివరి పుట మనిషిది: లైసెన్సు గడువు, యజమాని ప్రమాద బీమా గడువు, వారసునిగా వ్రాయించిన పేరు. ఆ పుస్తకమున్న చోటు ఇల్లాలికి తెలిసియుండవలెను. పాలసీ యున్నట్లు తెలియని కుటుంబమునకు పాలసీ లేనట్లే.

న్యాయమైన కోరికను కంపెనీ త్రోసిపుచ్చినచో మొదట కంపెనీకే వ్రాతమూలముగా ఫిర్యాదు చేయవలెను. నెల దినములలో జవాబు రాకున్నను, వచ్చినది తృప్తికరము కాకున్నను, ఏడాదిలోపల బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయింపవచ్చును. నాంపల్లికి ప్రక్కనే లక్డీకాపూల్ ఏ.సి. గార్డ్స్‌లో ఆ కార్యాలయము పనిచేయుచు వచ్చినది. దీనికి రుసుము లేదు, వకీలును పెట్టుకొననక్కరలేదు. తేటతెలుగున వ్రాయగలిగిన సాయము ఏ గ్రంథాలయముననైనను దొరకును.

ఇదియే సారాంశము: పరులకు చెల్లింపవలసినది ప్రతి బండికిని ఉండవలెను. బండి నష్టము బండి విలువనుబట్టి ఆలోచింపవలెను. మనిషి ప్రాణము ఒక్కటే గనుక దాని బీమా ఒక్కటి చాలును. కాని ఆ ఒక్కటి సరియైన పేర, సరియైన గడువులో ఉండితీరవలెను. అనవసరమైన రెండింటికై చెల్లించు డబ్బుతో అవసరమైన ఒక్కటి కొనవచ్చును.

గ్రంథాలయము కథలను, పురాణములను చదివించుటతో తృప్తి పడరాదు. పాలసీ పత్రమునందలి చిన్న అక్షరములను చదువగల ధైర్యమును గూడ ప్రజలకు కలిగింపవలెను. రజతోత్సవము జరుపుకొనుచున్న ఈ సంస్థ అట్టి ధైర్యమును ఇంటింట నింపుచు స్వర్ణోత్సవమును, వజ్రోత్సవమును గాంచుగాక. చందాదారులందరును క్షేమముగా పోయి, క్షేమముగా ఇల్లు చేరుదురుగాక.